రెండు నల్లరాళ్ళ మధ్య తెల్ల చార

గోదావరికి పడమటివైపు గౌరీపట్నం దగ్గర ఒక రాళ్ళ క్రషర్‌లో 22 ఏళ్ళు కాటా మీద పనిచేశాను. ఖాళీ టిప్పరు లోపలికొచ్చేటప్పుడు ఒక తూకం, లోడుతో బయటికెళ్ళేటప్పుడు ఒక తూకం, రెండిటి తేడా చూసి బిల్లు రాయడం. అదే నా ఉద్యోగం. 40 ఎం.ఎం., 20 ఎం.ఎం., చిప్స్, డస్ట్. కంకర సైజుల ఈ నాలుగు మాటలూ రోజుకి ఎన్నిసార్లు రాసేవాడినో. కాటా గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా క్వారీ గోడ కనిపించేది. కింద నల్లరాయి, పైన నల్లరాయి, ఆ రెండిటి మధ్యలో మూడు మనిషి నిలువుల మందాన తెల్లగా, లేత పసుపుగా ఒక పొర.

ఆ తెల్ల పొరంటే మావాళ్ళకి విసుగు. 20 ఎం.ఎం. లోడులో నాలుగు తెల్లరాళ్ళు కనబడితే పార్టీ లోడు వెనక్కి పంపేసేవాడు. అందుకని పొక్లెయిన్‌తో ఆ పొరని ముందే ఒలిచేసి పక్కన డంపు పోసేవాళ్ళు. మా నాయనమ్మ చిన్నతనంలో దీనికి తలకిందులుగా ఉండేదిట. నల్లరాయి జోలికి ఎవరూ పోయేవారు కాదు, తెల్లరాయినే తవ్వి బట్టీల్లో కాల్చి, గానుగలో ఎద్దులతో తిప్పించి సున్నం చేసేవారు. మా పాత ఇంటి గోడలన్నీ ఆ గానుగ సున్నంతో కట్టినవే.

ఆ పొర ఏమిటో నాకు తెలిసింది ఒక వేసవి మధ్యాహ్నం. అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. విశాఖపట్నం నుంచి యాభై ఏళ్ళ మేడం ఒకావిడ, ఆవిడ దగ్గర చదువుకునే కుర్రాళ్ళిద్దరూ జీపులో వచ్చారు. మేనేజరు లేడు. క్వారీలోకి దిగడానికి అనుమతి నన్నే అడిగారు. బ్లాస్టింగ్ అయిపోయాక దింపాను. రెండు గంటలు ఎండలో గోడని గీకి గీకి, గుడ్డ సంచుల్లో ముక్కలు నింపుకుని, నా గదిలో మంచినీళ్ళకి వచ్చి కూర్చున్నారు.

"బాబూ, మీరు రోజూ తూకం వేసేది ఏమిటి?" అందావిడ.

"నల్లరాయండి. క్వారీ మెటల్."

"ఇదెక్కడిదో తెలుసా?"

"ఇక్కడిదే కదండీ, మేడం గారూ."

"కాదు. మహాబలేశ్వరం వైపు నుంచి నడిచొచ్చింది."

నేను నమ్మలేదు. ఆవిడ నా బిల్లు పుస్తకం అట్ట వెనక పెన్నుతో గీసి చూపించింది. పడమటి కనుమల వైపు భూమి పగుళ్ళిచ్చి కరిగిన రాయి పైకి పొంగింది. పైన గట్టి తొక్క కట్టుకుని, లోపల వేడి ఆరకుండా, ఆ తొక్క కిందనే పాకుతూ పాకుతూ 1000 కిలోమీటర్లు దాటి వచ్చి ఇక్కడి సముద్రపు ఒడ్డున పడింది. దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. గోదావరికి ఇవతల గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి, అవతల కాటేరు దగ్గరా పైకి కనబడుతుంది. తక్కినదంతా డెల్టా కింద సముద్రం దాకా పూడిపోయి ఉంది. ఇక్కడి రాయి రసాయనం కనుమల్లోని అంబెనళి, మహాబలేశ్వర్ పొరల రసాయనంతో సరిపోయిందని 2008లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. భూమ్మీద ఇంత దూరం పారిన లావా ఇంకోటి తెలియదని అందులో రాశారు.

తరవాత ఆవిడ రెండు సంచులు విప్పింది. మొదటిది ఉదయం దుద్దుకూరులో ఏరినది, కింది నల్లరాయికి అడుగున ఉన్న పొరలోది. అందులోంచి ఒక గుల్ల తీసి నా అరచేతిలో పెట్టింది. చిటికెన వేలంత పొడవు, మెలికలు తిరిగి కొసకి సూదిలా దిగిన గుల్ల. టర్రిటెల్లా అంది. నేను దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. ప్రతి మెలిక మీదా దారం చుట్టినట్టు సన్నటి గాడులు. ఒకచోట మూతి దగ్గర చిట్లి ఉంది, లోపల ఇసుక గట్టిపడి రాయైపోయింది. బరువుగా, చల్లగా ఉంది. కాకినాడ బీచిలో ఏరుకున్న గుల్లకీ దానికీ నాకు తేడా ఏమీ కనబడలేదు, బరువు తప్ప.

"ఇది బతికున్నప్పుడు డైనోసార్లు ఉన్నాయి. క్రెటేషియస్ అనే కాలం, దాని ఆఖరు రోజులు," అంది. రెండో సంచిలోవి మా తెల్ల పొర ముక్కలు. "ఇవి బతికేసరికి అవి లేవు."

ఆ రెండు సంచుల మధ్య ఉన్నది మా కింది నల్లరాయి.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. రాత్రిపూట డ్యూటీలో టిప్పర్లు లేనప్పుడు చదివేవాడిని. మొదట్లో తెలుగులో దొరికింది తక్కువ. తరవాత మా అమ్మాయి ఇంజనీరింగులో చేరాక ఇంగ్లీషు పత్రాలు దించి, ఫోనులో చదివి వినిపిస్తూ అర్థం చెప్పేది. నాకు అర్థమైనంతలో, అర్థమైన వరసలో ఇక్కడ రాస్తున్నాను.

క్రెటేషియస్ 14.5 కోట్ల ఏళ్ళ కిందట మొదలై 6.6 కోట్ల ఏళ్ళ కిందట ముగిసింది. అంటే దాదాపు 8 కోట్ల ఏళ్ళు నడిచింది. డైనోసార్లు పోయాక ఈ రోజు దాకా గడిచిన కాలం కన్నా ఆ ఒక్క కాలమే పెద్దది. ఆ పేరు లాటిన్‌లో సుద్దకి ఉన్న మాట నుంచి వచ్చింది. యూరప్‌లోని సుద్ద కొండలు ఆ కాలపు సముద్రాల్లో తేలిన, కంటికి ఆనని నాచు జీవుల పెంకులు అడుగున పేరుకుని తయారైనవే. మావాళ్ళు తెల్ల పొరని "సుద్ద" అనేవారు. ఆ మాట నాకు అందుకే అంత నచ్చింది.

అప్పటి భూమి వెచ్చటి భూమి. ధ్రువాల దగ్గర ఇప్పుడున్నంత మంచు లేదు. సముద్రం ఇప్పటికన్నా వంద మీటర్లకి పైనే లేచి ఖండాల మధ్యలోకి వచ్చేసింది. అంటార్కిటికా తీరం దగ్గర 2017లో సముద్రపు అడుగుని తొలిచి తీసిన మట్టిలో చెట్ల వేళ్ళు వేళ్ళుగానే దొరికాయి. 9 కోట్ల ఏళ్ళ కిందటివి. ఏడాదిలో నాలుగు నెలలు సూర్యుడే కనిపించని చోట దట్టమైన అడవి! గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో వెయ్యి దాటి ఉంటే తప్ప అది సాధ్యం కాదని లెక్క కట్టారు. ఇప్పుడు 420 పైచిలుకు ఉంది. ఆ సంఖ్యల పక్కన తేదీ కూడా చూడాలి. అప్పటి మార్పులు లక్షల ఏళ్ళ మీద జరిగాయి. ఇప్పటిది మా తాత పుట్టినప్పటి నుంచి నేను పోయేలోపు జరుగుతున్నది.

మన తీరం పుట్టింది ఆ కాలంలోనే. 13 కోట్ల ఏళ్ళ కిందట మన నేల అంటార్కిటికా నుంచి చీలిపోయింది. ఆ చీలికలోకి సముద్రం వచ్చింది, నదులు మట్టి తెచ్చి పోశాయి. అదే కృష్ణా గోదావరి బేసిన్. అప్పటి సముద్రపు బురద రాయిగా మారి మా పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనే పైకి కనిపిస్తుంది. దానికి రాఘవాపురం షేల్ అని ఒక ఊరి పేరే పెట్టారు. అందులో అమ్మోనైట్లు దొరికాయి. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న గుల్లలో ఉండే, నత్తకన్నా ఆక్టోపస్‌కి దగ్గరి జీవులవి. కోనసీమలో చమురు రిగ్గులు చూసినవాళ్ళకి చెప్తున్నాను, ఆ గ్యాసు ఊరిన తల్లిరాళ్ళలో ఈ రాఘవాపురం బురద ఒకటి. ఊపిరాడని సముద్రపు అడుగున కుళ్ళకుండా మిగిలిన జీవరాశి అది.

తరవాత 8.8 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ విడిపోయింది. అప్పటి నుంచి మనది ఒంటరి ప్రయాణం. ఆ ప్రయాణం చివరికొచ్చేసరికి మన నేల ఏటా 15 సెంటీమీటర్లకి పైగా ఉత్తరానికి జరుగుతుండేది. ఇప్పుడు జరిగేది 5 సెంటీమీటర్లు. భూమధ్యరేఖకి ఇంకా దక్షిణాన ఉండగానే, కింద ఉన్న వేడి, హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ దీవి ఉన్నచోట, మన నేలని పొడుచుకుని పైకొచ్చింది. అదే దక్కను లావా.

అదెంతో నా పద్ధతిలో లెక్క వేసుకున్నాను. నల్లరాయి ఘన మీటరు సుమారు 2.9 టన్నులు. ఒక్క ఘన కిలోమీటరంటే 290 కోట్ల టన్నులు. 20 టన్నుల టిప్పర్లయితే 14న్నర కోట్ల లోడులు. దక్కను మొత్తం మీద పొంగింది పది లక్షల ఘన కిలోమీటర్లకి పైనే అంటారు. ఆ రాత్రి నేను కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాను.

లావా ఒక్కసారే రాలేదు. ఒక పొర వస్తుంది, ఆరిపోతుంది, వేల ఏళ్ళు ఖాళీ. ఆ ఖాళీలో రాయి మీద మట్టి పడుతుంది, చెరువులు నిలుస్తాయి, తాడి కొబ్బరి కుటుంబపు చెట్లు మొలుస్తాయి, కప్పలు, తాబేళ్ళు వస్తాయి. మళ్ళీ లావా. ఆ విరామాల్లో బతికిన వాటి గుర్తులు రెండు నల్లరాళ్ళ మధ్య పలచటి పొరలుగా మిగిలాయి.

వికారాబాద్ వైపు నస్కల్ అనే ఊళ్ళో అలాంటి ఒక పొర ఉంది. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండు వైపులా మర్రిచెట్లు, ఎండ నేలకి దిగదు. నస్కల్ చేరేసరికి పదయింది. చూడ్డానికి అక్కడ బోర్డు లేదు, కంచె లేదు. కంది చేను, గట్టు మీద నల్లరాళ్ళు. ఒక పెద్దాయన మేకల్ని తోలుకుంటూ ఆగాడు.

"ఏం సూడనీకి వచ్చిన్రు బిడ్డా?"

మా అమ్మాయి చెప్పింది. "మీ ఊరి మట్టిలో ఒక పన్ను దొరికింది తాతా. దేశంలో డైనోసార్ల చివరి కాలం నాటి పాలిచ్చే జంతువుదని గుర్తుపట్టిన మొదటి పన్ను."

"ఎంతుంటది?"

ఆమె గోరు కొస చూపించింది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదది. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని దాన్ని ప్రకటించారు. డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. తరవాత దొరికిన చీలమండ ఎముకల్ని బట్టి అది చుంచెలుకంత ఉండి చెట్లెక్కేదని తేల్చారు. పేరులోని హిస్లాప్ నాగపూర్‌లో ఉన్న మిషనరీ. 1860లోనే మా రాజమండ్రి గుల్లల్ని వర్ణించి అచ్చు వేయించినవాడు ఆయనే. ఆ సంగతి తెలిసినప్పుడు మా క్వారీకీ ఈ కంది చేనుకీ మధ్య ఎవరో దారం కట్టినట్టనిపించింది.

పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత కర్రతో నేల మీద గీత గీసి, "లావ వచ్చినంక గది ఎట్ల బతికె?" అన్నాడు. నేను చదివిన పత్రాలన్నిటిలోకీ అదే మంచి ప్రశ్న. చిన్నది కాబట్టి, ఏది దొరికితే అది తినగలదు కాబట్టి, చెట్టు మీదా కన్నంలోనూ దాక్కోగలదు కాబట్టి, అలాంటి జీవులు డైనోసార్లు పోయిన ప్రళయాన్ని తట్టుకోగలవంటారు. వాటితోపాటు డైనోసార్లలో ఒక చిన్న శాఖ కూడా గట్టెక్కింది. నా కాటా గది రేకుల మీద వాలే కాకులు ఆ వంశమే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా పిస్దూరాలో డైనోసార్ల పేడ రాళ్ళు దొరుకుతాయి. వాటిని కరిగించి చూస్తే గడ్డిలో ఉండే సూక్ష్మమైన సిలికా రేణువులు కనిపించాయని 2005లో ప్రకటించారు. అంతకుముందు డైనోసార్ల కాలంలో గడ్డి లేదనుకునేవారు. 2011లో ఇంకో అడుగు ముందుకేసి, వాటిలో వరి తెగకి చెందిన రేణువులు కూడా ఉన్నాయని చెప్పారు. కలుపు తీసే ఆడవాళ్ళ మోచేతులు చూడండి, వరి ఆకు అంచు గీరి ఎర్రగా చారలు పడి ఉంటాయి. ఆ గీరేది సిలికానే. మా అమ్మ ఊక బూడిదతో గిన్నెలు తోమేది, ఆ బూడిద గరుకూ అదే. పిస్దూరా వానకి తడిసిన నీళ్ళు వార్ధా, ప్రాణహితల మీదుగా కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి, ధవళేశ్వరం దగ్గర కాలవలెక్కి మా చేలకే వస్తాయి. వరి కుదురు నాటేటప్పుడు నాకు ఆ పేడ రాళ్ళు గుర్తొస్తాయి.

ఇక ఆఖరి సంగతి. 1980లో ఇటలీలోని గుబ్బియో దగ్గర రాళ్ళ మధ్య బంకమట్టి పొరలో ఇరిడియం అనే లోహం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉందని ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, వాళ్ళ తోటివాళ్ళు చెప్పారు. ఆకాశం నుంచి పెద్ద రాయి పడితే తప్ప అంత రాదు. తరవాత మెక్సికోలో చిక్షులుబ్ దగ్గర 180 కిలోమీటర్ల వెడల్పున పూడిపోయిన గుంట దొరికింది. పడిన రాయి పది కిలోమీటర్ల పైచిలుకు. టీవీలో ఎప్పుడు చూసినా ఆ నిప్పుబంతే. అది నిజమే, ఎక్కువమంది శాస్త్రవేత్తలు అదే ముఖ్య కారణం అంటున్నారు. కానీ మా రాయి మాట కూడా ఒకటుంది, అది టీవీలో రాదు.

ఆ మాట విన్నది అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గెర్టా కెల్లర్, ఆవిడతోపాటు పనిచేసిన మనదేశపు పరిశోధకులు. 2008లో మా క్వారీల తెల్ల పొరని పరీక్షించి, కింది నల్లరాయి ఆగిపోయింది సరిగ్గా క్రెటేషియస్ ముగిసే చోటికి దగ్గరలో అని రాశారు. తెల్ల పొరలో దొరికినవి ప్రళయం తరవాత మొట్టమొదట తలెత్తిన ఫోరామినిఫెరా. ఒకే కణం, చుట్టూ సున్నపు గూడు, సముద్రంలో తేలుతూ బతికే జీవులు. మా క్రషర్ జల్లెడల్లో అన్నిటికన్నా సన్నది డస్ట్ జల్లెడ. వాళ్ళు వాడే జల్లెడ 63 మైక్రాన్లది, మిల్లీమీటరులో పదహారో వంతు. దాని మీద నిలిచినవాటిలో ఒకదాని పేరు యూగుబినా. ఇటలీలోని ఆ గుబ్బియో ఊరి పేరే అది. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు సముద్రాల్లో, ప్రళయం తరవాత అదే చిన్న జీవి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తొలితరంవన్నీ బుల్లి బుల్లివే. పెద్ద గూళ్ళు కట్టుకున్నవన్నీ పోయాయి.

2011లో ఓఎన్‌జీసీ బావుల్లోంచి తీసిన రాతి నమూనాలు చూశాక కథ ఇంకా స్పష్టమైంది. డెల్టా కింద ప్రళయానికి ముందటి లావా నాలుగు పెద్ద పొరలుగా వచ్చింది, వాటి మధ్య సముద్రపు బురద. మొదటి పొర రాకముందే తేలే జీవుల్లో సగం జాతులు కనిపించడం మానేశాయి, అది వచ్చాక మిగిలినవాటిలో మళ్ళీ సగం పోయాయి. నాలుగో పొర అయ్యేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. లావాతోపాటు వచ్చిన గంధకపు వాయువులు వానని ఆమ్లం చేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి నీళ్ళని పులుపెక్కిస్తుంది. సున్నంతో గూడు కట్టుకునేదానికి ఆ నీళ్ళలో గూడు నిలవదు. నా మట్టుకు నాకు, ఆకాశం నుంచి పడిన రాయి ముందే జబ్బుపడి ఉన్న లోకాన్ని కొట్టిందనే అనిపిస్తుంది.

ఇదంతా తెలిశాక ఆ తెల్ల డంపు వంక మామూలుగా చూడలేకపోయాను. మేనేజరుకి చెప్పాను, కొంత భాగమైనా పక్కన ఉంచమని. ఉంచుతామన్నారు. నాలుగేళ్ళ తరవాత డంపంతా ఒక లేఅవుటు మెరకకి వెళ్ళిపోయింది. 310 లోడులు. బిల్లులు రాసింది నేనే. ఆ వారం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పోయేముందు నేను ఏరుకున్నవి ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. వాటిలో పదకొండు ముక్కలు మా ఊరి హైస్కూల్ సైన్సు గదిలో ఇచ్చాను, ఏ పొరలోది ఏదో చీటీలు రాసి.

ఇప్పుడు ఆ క్వారీ మూతపడింది. గోతినిండా నీళ్ళు, పచ్చగా, లోతుగా. వానాకాలంలో తెల్ల పొర పూర్తిగా మునిగిపోతుంది. మే నెలలో నీళ్ళు తగ్గితే మళ్ళీ పైకి కనబడుతుంది.

పోయిన మేలో మా అమ్మాయి వచ్చినప్పుడు ఇద్దరం దిగాం. పాత టిప్పరు బాట వెంట, తుమ్మ ముళ్ళు తప్పించుకుంటూ. కింది నల్లరాయి పైభాగం నీళ్ళకి జానెడు ఎత్తున తేలింది, దాని మీద తెల్ల పొర మొదలవుతోంది. ఆ రెండూ కలిసేచోట రాయి పొడిపొడిగా, గోరుతో గీకితే రాలేలా ఉంది. అమ్మాయి చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, ఆ గీత మీద అరచెయ్యి ఆనించింది. బొటనవేలు నల్లరాయి మీద, తక్కిన వేళ్ళు తెల్లరాయి మీద.

"నాన్నా, కింద వేడిగా ఉంది," అంది.

పొద్దున్నించీ ఎండ పడుతోంది కదా, నల్లరాయి ఎక్కువ కాగుతుంది. నేనూ వంగి చెయ్యి పెట్టి చూశాను. పైన చల్లగానే ఉంది.